మిద్దె మీదమ్మా, ఆమె పులీ

సెప్టెంబరు పదకొండు, గురువారం. గుడియాత్తం, నెల్లూరుపేట.

ఉన్నవారు: ఆమె అన్న, వదిన. వాళ్ళ కొడుకు, కోడలు. పోయినేడు పెళ్ళయిన కూతురు. ఆర్కాడు నుంచి మేనత్త. ఆలంగాయం నుంచి చిన్నాయన కొడుకులు. వేలూరు నుంచి ఆమె పనిచేసిన లాడ్జి మేనేజరు. నేను, నా భార్య. వీధివాళ్ళు చాలామంది.

నా డైరీలో ఆ రోజు పేజీ మీద ఇంతే ఉంది. పెళ్ళయినా చావయినా ముందు ఎవరెవరు వచ్చారో రాసి, తరువాత ఏం జరిగిందో రాయడం నాకు ఖజానా ఆఫీసులో ఉద్యోగం చేసినప్పటినుంచీ అలవాటు. ఆ రోజు మొదటి భాగం రాసి పెన్ను మూసేశాను. రెండో భాగం ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే తప్ప ఆమె గురించి తలచుకోవడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఆమె పేరు రాయను. ఆమె ఉన్నన్నాళ్ళూ మా వీధిలో ఆ పేరు ఎవరూ వాడలేదు. అందరికీ మిద్దె మీదమ్మ. మా ఇల్లు వేలూరు తోటపాళెంలో. కింద మేము ఉంటాం. పైన ఒక గది, వంటిల్లు, వీధివైపు ఒక కిటికీ. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఆమె చేతిలో మూతవేసిన వైరు బుట్ట ఒకటుంది. దాన్ని కింద పెట్టకుండా గదులన్నీ తిరిగి చూసింది. చివరికి మెట్ల దగ్గర నిలబడి అసలు సంగతి చెప్పింది.

“ముందే చెప్తా ఉండాను నాయనా. నేనొక్కదాన్నే కాదు. నాతోబాటు ఇంకొకరు ఉండారు.”

“ఎవరమ్మా? మీ ఆయనా?”

“ఆయన కాదు. పులి.”

మూత తీసింది. లోపల టెంకాయంత కుక్క. తెల్లటి బొచ్చు, నల్లటి ముక్కు. మమ్మల్ని చూసి మొరగలేదు. ఎవరింటికో చుట్టంగా వచ్చినట్టు మర్యాదగా చూసింది.

మాది పూర్వం వ్యాపారస్తుల ఇల్లు, ఆచారాలు ఎక్కువ. మా తాత కాలంనుంచీ కుక్క వాకిట్లో అన్నం తిన్నది గానీ గడప దాటి ఎరగదు. ఆ సంగతే ఆమెతో అన్నాను. అద్దెకిచ్చేటప్పుడు షరతులు వరసగా చెప్పడం నా పద్ధతి కాబట్టి అవీ చెప్పాను. కుక్క మెట్లమీదికి రాకూడదు. మా పూజగది వైపు రాకూడదు. మధ్యాహ్నం మేము నడుం వాల్చే వేళ అరవకూడదు.

“మొదటి రెండూ నేను చూసుకుంటాను నాయనా. మూడోది నాతో చెప్పి ఏం లాభం? వాడితోనే చెప్పండి” అంది.

లోపల్నించి నా భార్య నవ్వు వినపడింది. “ఇచ్చేయండి. ఇంట్లో మీకు ఎదురు మాట్లాడేవాళ్ళు ఒకరుండనీ” అంది. అట్లా మిద్దె కుదిరింది.

ఆమె పెద్దాసుపత్రి దగ్గర ఒక లాడ్జిలో కౌంటరులో పనిచేసేది. చిత్తూరు, కడప వైపునుంచి రోగులను తీసుకొచ్చేవాళ్ళకు అక్కడ తెలుగు మాట్లాడే మనిషి ఒకరు కావాలి. ఏ గేటులో పోవాలి, చీటీ ఎక్కడ రాయించుకోవాలి, ఆపరేషన్ అని చెప్తే ఎవరిని అడగాలి అన్నీ ఆమె చెప్పేది. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. గుడియాత్తం బడిలో అరవమే నేర్పారు. ఒకసారి నేను డైరీ రాస్తుంటే భుజం మీదుగా వంగి చూసింది.

“నాయనా, మనం మాట్లాడేది రాస్తే ఇట్లా ఉంటుందా? వడియాలు పెట్టినట్లుండాది.”

కుక్క కూడా లాడ్జినుంచి వచ్చిందే. కడప పక్క ఏదో పల్లెనుంచి భార్యాభర్తలిద్దరు వైద్యానికి వచ్చారు. ఇంట్లో వదలడానికి ఎవరూ లేక కుక్కనూ వెంటబెట్టుకుని వచ్చారు. లాడ్జిలో కుక్కలను రానివ్వరు కాబట్టి ఈమె దాన్ని కౌంటరు కింద అట్టపెట్టెలో దాచింది. కొన్నాళ్ళకు ఆ భర్త పోయాడు. భార్య అంబులెన్సులో శవంతోపాటు వెళ్ళిపోయింది. కుక్క అట్టపెట్టెలో మిగిలిపోయింది.

“మరిచిపోయిందా, వదిలించుకుందా?” అని అడిగాను.

“ఆ పొద్దు ఆయమ్మ కాళ్ళ చెప్పులు కూడా ఆడే వదిలేసి పోయింది నాయనా. చెప్పులు మరిచిపోయిన మనిషిని కుక్కను వదిలించుకునిందని ఎట్లా అనేది?” అంది. తరువాత ఫోను చేసిందట. వచ్చి తీసుకుపోతానని ఆయమ్మ ఏడ్చిందట, రాలేదట. అంతవరకే చెప్పింది. తన పెళ్ళి, సంసారం ఏమయ్యాయో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పొద్దున ఆమె పనికి బయలుదేరడం ఒక తంతు. నేను కింద వరండాలో పేపరు చదువుతుంటాను కాబట్టి రోజూ వినపడేది. ముందురోజు కట్టి విడిచిన చీరను నేలమీద మడతగా పరిచేది. మా ఇళ్ళలో విడిచిన బట్ట తడిపేదాకా ఎవరూ ముట్టుకోరు. నా భార్య ముఖం చిట్లిస్తే, “సబ్బు వాసన వాడికెందుకమ్మా, నా వాసన కావాల గానీ” అంది. ఆ తరువాత గడప దగ్గర చతికిలబడి, కుక్క మొహం రెండు చేతుల్లో పట్టుకుని చెప్పేది.

“ఈ పొద్దు మంగళవారం. పేషెంట్లు ఎక్కువ. వీధి లైట్లు పడినాక వస్తాను. నీళ్ళు పెట్టినాను. పెరుగన్నం అంతా ఒకేసారి తినేయొద్దు. పోయొస్తా.”

మా వైపు బయటికి పోయేటప్పుడు ఎవరూ ‘పోతాను’ అనరు. పోయొస్తా అంటేనే మనిషి తిరిగి వచ్చినట్టు. పసిపిల్లలతో కూడా అట్లాగే అంటాం. కుక్కతో అన్నవాళ్ళను మాత్రం నేను ఆమెను తప్ప చూడలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“కుక్కకు మంగళవారం ఏం తెలుస్తుందమ్మా?”

“మంగళవారం తెలియకపోతే పోనీ నాయనా. చెప్పినానని తెలుస్తుంది.”

“చెప్పకపోతే ఏమవుతుంది?”

ఆమె చెప్పులు వేసుకుంటూ ఆగింది. “ఆస్పత్రి కాడ దినమూ చూస్తా ఉండాను. లోపల ఏమవుతా ఉండాదో బయట కూచున్నోళ్ళకు ఎవరూ చెప్పరు. ‘కూచోండి, కూచోండి’ అంటారు. కూచునే ఉంటారు పాపం. టీ తాగను కూడా లేయరు, ఆ లోపల పిలుస్తారేమోనని.” అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ గొడుగు గురించి కూడా చెప్పాలి. ఎండా వానా లేకున్నా మా గేటు దగ్గర విప్పేది. వీధి మలుపు తిరిగాక ముడిచేది. పైన కిటికీలో కుక్క నిలబడి చూస్తుంటుంది. వెనక్కి తిరిగి చూడకుండా ఉండటానికి ఆమె గొడుగును వీపుమీదికి వాల్చుకునేది. కూరగాయల బండివాడు నవ్వేవాడు. “మిద్దె మీదమ్మకు మబ్బు కూడా ఎండే” అనేవాడు. ఆమె కూడా నవ్వేది. కానీ ఒకరోజు నా భార్యతో అన్నది నేను విన్నాను: “జీతానికని పోయి ఒక ప్రాణిని లోపల పెట్టి తాళమేస్తా ఉండానమ్మా. జైలు వార్డను కూడా మధ్యాహ్నం ఒకసారి తొంగి చూస్తాడు. నాకు అదీ లేదు.”

“మేము కింద ఉండాం కదా” అంది నా భార్య.

మరుసటిరోజు ఆమె రెండో తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. “నేను రాకపోతే మీరు తలుపు తీయాల నాయనా” అంది. నేను దానికి అట్టముక్క కట్టి, ‘మిద్దె’ అని రాసి, మా ఇంట్లో తాళంచెవుల మేకుకు తగిలించాను.

అది వాడవలసి వచ్చింది ఒక వానాకాలం సాయంత్రం. దారిలో నీళ్ళు నిలిచి బస్సులు ఆగిపోయాయి. ఆమె ఫోను చేసింది.

“నాయనా, లేటవుతుంది. అన్నం ఏమీ వద్దు. తలుపు తీసి వాడికి ఒక్క మాట చెప్పండి, ఎనిమిదికి వస్తానని.”

“నేనా?”

“మీరే. వాడికి అరవం రాదు. వీధిలో వేరేవాళ్ళు చెప్తే అర్థం కాదు.”

నేను మెట్లెక్కాను. ఎదురింటి కిటికీలో ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరని నిర్ధారించుకున్నాక తలుపు తీసి, సగం లోపలికి వంగి, గొంతు తగ్గించి చెప్పాను. “మీ అమ్మ ఎనిమిదికి వస్తుంది.” కుక్క నన్ను కాసేపు చూసింది. వెనక్కి పోయి చీరమీద పడుకుంది. జీవితమంతా పెద్ద పెద్ద అధికారులకు సమాధానాలు చెప్పినవాణ్ణి, ఒక కుక్కకు కబురు చెప్పి దిగివచ్చాను. ఎవరితోనూ అనలేదు.

ఆమె తడిసి వచ్చి కిందినుంచే అడిగింది. “చెప్పినారా నాయనా?”

“చెప్పినానమ్మా.”

“ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు.”

“అంటే సరేనన్నట్లే” అని మెట్లెక్కి వెళ్ళింది.

పోయినేడు గుడియాత్తంలో ఆమె అన్న కూతురి పెళ్ళి. అన్నకు బజారులో లుంగీలు, తువ్వాళ్ళ కొట్టు. చెల్లెలు వేలూరులో ఒంటరిగా ఉండి ఉద్యోగం చేయడం ఆయనకు మొదటినుంచీ ఇష్టం లేదు. పండగకు పిలిస్తే పొద్దున వచ్చి సాయంత్రానికి కుక్కకోసమని వెళ్ళిపోవడం అంతకంటే ఇష్టం లేదు. పెళ్ళికి మమ్మల్నీ పిలిచారు. ముహూర్తం ఆలస్యమయింది. తాళి కట్టగానే ఆమె అక్షింతలు వేసి, భోజనానికి కూర్చోకుండా చెప్పులు వెతుక్కుంటోంది. మండపం గుమ్మంలో అన్న అడ్డం నిలబడ్డాడు.

“కుక్కకు అన్నం పెట్టాలని పెండ్లి పందిట్లోనుంచి లేచి పోతావా? నలుగురూ చూస్తా ఉండారు. నా పరువేం గాను?”

“పెండ్లికి నేను లేకపోయినా అవుతుందన్నా. ఇంత జనం ఉండారు. వాడికి ఎవరుండారు?”

“అయితే పో. ఇంక నీకు ఆ కుక్కే చుట్టం.”

మేము కూడా ఆమెతోనే బస్సెక్కాం. పళ్ళికొండ దాటాక ఆమె కిటికీ వైపు చూస్తూనే అంది: “ఆడ కూచున్నంతసేపూ వాడిని వదిలినానని సిగ్గుగా ఉండింది. ఇప్పుడు అన్నను వదిలినానని సిగ్గుగా ఉండాది. నా బతుకంతా ఇంతే నాయనా, యాడున్నా ఇంకోచోట తప్పు చేసినట్లే.”

అన్నాచెల్లెళ్ళకు ఆ తరువాత మాటలు లేవు. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ చావింట్లో కుక్క అనే మాట ఎత్తకూడదని నాకు ఎందుకనిపించిందో దీనివల్ల తెలుస్తుంది. నేను దీన్ని సాకుగా చెప్పడం లేదు. నాకు నేను చెప్పుకున్న సాకు ఇదేనని మాత్రం చెబుతున్నాను.

ఆ గురువారం పొద్దున ఆమె మామూలుగానే కుక్కకు చెప్పి వెళ్ళింది. ఆ రోజు పేషెంట్లు తక్కువ, తొందరగా వస్తానంది. వీధి మలుపులో గొడుగు ముడవడం కూడా నేను చూశాను. మధ్యాహ్నం కాకముందే లాడ్జి మేనేజరు ఫోను చేశాడు. ఎవరికో గది తాళం ఇస్తూ కౌంటరుమీద తల వాల్చిందట. పక్కనే అంత పెద్ద ఆసుపత్రి ఉండి కూడా తీసుకుపోయేసరికి అయిపోయింది.

నేనూ నా భార్యా ఇంటికి తాళం వేసి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. ఆమె అన్నకు ఫోను చేసింది నేనే. ఆయన వచ్చి, చెల్లెలి మొహం చూసి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మాటలు లేకుండా ఉన్న సంవత్సరమంతా ఒక్కసారిగా ఆయనమీద పడ్డట్టుంది. శవాన్ని గుడియాత్తం తీసుకుపోయే వ్యాను ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. “అయ్యా, మీరూ రావాల. నాకు చేయీ కాలూ ఆడేట్లు లేదు. పెద్దోళ్ళు మీరుండి జరిపించండి.”

ఎక్కాను. ఎవరింట్లో చావయినా కబుర్లు పంపడం, వేళలు చూడటం, కావలసినవి తెప్పించడం నాకే అప్పగిస్తారు. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉంది. వ్యాను పళ్ళికొండ టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడు నా భార్య నా మోచెయ్యి తట్టింది. ఎదురుగా అన్న కూర్చుని ఉన్నాడు. ఆమె గొంతు తగ్గించి, “మిద్దె మీద...” అంది.

“తెలుసు. చూద్దాం” అన్నాను.

ఖజానా ఆఫీసులో నేను వేలసార్లు వాడిన మాట అది. కాగితం పక్కన పెట్టేముందు అనే మాట.

ఇల్లు చేరగానే ఏడుపులు. మంచం, చాప, దండలు, బ్రాహ్మడికి కబురు, ఆలంగాయం వాళ్ళు వచ్చేదాకా ఆగాలా వద్దా అన్న మాటలు. అన్నీ నన్నే అడిగారు. నేను అన్నిటికీ సమాధానం చెప్పాను. తాళంచెవి వేలూరులో మా ఇంట్లో మేకుకు ఉంది. ఆమె చేతిసంచి, అందులో ఆమె తాళంచెవి, వదిన బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎదురింటివాళ్ళకు ఫోను చేసినా తలుపు తీయలేరు. ఎవరో ఒకరు లేచి బస్సెక్కి పోవాలి. పోగలిగినవాణ్ణి నేనే. గంట దారి, సాయంత్రం దాకా వరసగా బస్సులున్నాయి. కానీ చావింటికి వచ్చినవాడు శవం లేవకముందే లేచిపోతే ఆ ఇంటిని అవమానించినట్టే. అదీ కుక్కకోసం, ఆ ఇంట్లో.

ఒకసారి ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. తలుపు పగలగొట్టమనైనా ఎదురింటివాళ్ళకు చెబుదామనుకున్నాను. నంబరు నొక్కుతుండగా ఆమె మేనల్లుడు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“ఎవరికి తాతా?”

“దండలు ఇంకా రాలేదు కదప్పా, అడుగుదామని.”

“వచ్చేసినాయి తాతా. లోపల ఉండాయి.”

“సరి సరి” అని ఫోను జేబులో పెట్టుకుని లోపలికి పోయాను.

మధ్యాహ్నం దాటాక వదిన శోకం తీసింది. మా వైపు ఆడవాళ్ళు పోయిన మనిషి గుణగణాలను వరసకట్టి పాడుతూ ఏడుస్తారు. ఆమె గొంతు బాగుంటుంది. అందరూ మాట్లాడటం ఆపి విన్నారు.

“పండగకు ఉండమంటే ఉండకపోతివే వదినా, పెండ్లికి కూచోమంటే కూచోకపోతివే. కుక్క ఎదురు చూస్తుందని ఉరికితివే తల్లీ, ఈ పొద్దు దానికోసమైనా లేయవే...”

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. అన్న కండువాలో మొహం దాచుకున్నాడు. ఆ కుక్క ఆ నిమిషంలో నిజంగానే ఎదురుచూస్తోందని ఒక్కరికీ తోచలేదు. పాట అయిపోయి అందరూ ముక్కులు తుడుచుకుంటున్నప్పుడు నేను నోరు విప్పి ఉంటే ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా భార్య ఆడవాళ్ళ మధ్యనుంచి నన్నే చూస్తోంది. నేను తల వంచుకున్నాను.

కాసేపటికి ఆర్కాడు మేనత్త కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. అంతమందిలో ఆ ముసలమ్మకొక్కదానికే తోచింది.

“ఏమప్పా, నువ్వు కదా ఇంటాయన. ఆ కుక్క ఇప్పుడు యాడుండాది?”

“ఉందిలేమ్మా. ఎవరో చూస్తా ఉంటారు.”

“ఎవరు?”

“వీధిలో... ఎవరో ఒకరు.”

“పావం, మంచోళ్ళే” అని ఆమె తలాడించింది.

పెళ్ళికీ చావుకీ ఎవరు వచ్చారో పేరు పేరునా రాసుకునేవాణ్ణి. ‘ఎవరో’ అన్న మాటను నేను జీవితంలో అంత సులువుగా ఎప్పుడూ వాడలేదు.

పొద్దు వాలకముందే శవం లేచింది. కౌండిన్య ఏటి ఒడ్డున అన్నీ సక్రమంగా జరిగాయి. జరిపించింది నేనే కాబట్టి తెలుసు. స్నానాలు చేసి తిరిగివచ్చాక, ఇంక బయలుదేరతామని చెబుదామని అన్న దగ్గరికి పోయాను. నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు.

“రేపు పొద్దున ఏటి కాడ చెల్లెలికి పాలు పోయాల అయ్యా. మీరు పక్కన లేకపోతే నాతో కాదు. ఉండి, అదీ అయిందనిపించుకుని పోండి.”

“అట్లనే నాయనా” అన్నాను.

నా భార్య ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా కళ్ళు తెరిస్తే ఆమె సంచి చేతిలో పట్టుకుని నా పక్కన నిలబడి ఉంది. “లేయండి” అంది. అంతే. ఇంట్లో అందరూ పడి నిద్రపోతున్నారు. చావింటినుంచి పోయేటప్పుడు పోయొస్తామని చెప్పకూడదు, ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి పోవాలి. మొహం చూసి మాట చెప్పలేని నాబోటివాడికి ఆ ఆచారం ఎంత అక్కరకు వచ్చిందో రాయడానికే నామోషీగా ఉంది. చప్పుడు కాకుండా వాకిలి దాటాం. మొదటి బస్సు దొరికింది. దారిలో నా భార్య ఒక్కమాటే అంది: “ఆమె అయితే నడిచైనా వచ్చుండేది.”

శవం దగ్గర్నించి వచ్చినవాళ్ళు తలమీద నీళ్ళు పోసుకోకుండా సొంత ఇంట్లో దేన్నీ ముట్టరు. నా భార్య నీళ్ళకు పోయింది. నేను అట్లాగే మేకుమీది తాళంచెవి తీసుకుని మెట్లెక్కాను. పైనుంచి చప్పుడు లేదు. తాళం తిప్పినా మొరగలేదు. తలుపు తోశాను.

ముందు వాసన తగిలింది. నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉంది. పులి ఒంటికీ రెంటికీ పోయే స్నానాలగది తలుపు గాలికి మూసుకుపోయింది. దాని కిందిభాగమంతా గోళ్ళ గీతలు. ఆ తలుపు ముందే నేలమీద మడుగు కట్టి ఎండింది, పక్కన ఇంకొకటి. గడప లోపల ఉండవలసిన గోనెపట్టను అంతదూరం లాక్కొచ్చి దానిమీద సగం కప్పింది.

కుక్క మంచం కింద, మూలలో, గోడవైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. “పులీ” అన్నాను. చెవి కదిలింది. తిరగలేదు. వీపుమీది బొచ్చు వణుకుతోంది. వంగి చూశాను. తల ఇంకా కిందికి దించుకుంది. కోపంతో కాదు, భయంతోనూ కాదు. ఇల్లు పాడుచేశానని అది నాకు మొహం చూపించలేకపోతోంది.

నేను బక్కెట్టుతో నీళ్ళు తెచ్చాను. గుడ్డ దొరికింది. పంచె ఎగగట్టి మోకాళ్ళమీద కూర్చుని తుడవడం మొదలుపెట్టాను. ఇంట్లో నేల తుడిచిన జ్ఞాపకం నాకు లేదు. గుడ్డ ఎట్లా పిండాలో కూడా సరిగా తెలియలేదు. నా భార్య తడి జుట్టుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. గుడ్డకోసం చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. ఆమె గిన్నెలో నీళ్ళు నింపి మంచం పక్కన పెట్టి, దిగి పోయింది.

రెండోసారి నీళ్ళు మారుస్తుండగా ఫోను మోగింది. ఆమె అన్న.

“అయ్యా, యాడ పోయినారు? ఏటి కాడ అందరమూ మీకోసమే చూస్తా ఉండాము. పాలు తెచ్చి పెట్టుకోనుండాము.”

“వేలూరులో ఉండానప్పా. కుక్క దగ్గర.”

“ఏ కుక్క?” అన్నాడు. ఆ వెంటనే ఆయన గొంతు మారింది. “అది... నిన్నట్నించీ లోపలేనా?”

“నిన్నట్నించీ లోపలే. నాకు గుర్తుండింది నాయనా. మీ అందరి ముందరా చెప్పను సిగ్గయింది.”

ఫోనులో వినపడుతోంది, ఏటి దగ్గర ఎవరో పేరు పెట్టి ఎవరినో పిలుస్తున్నారు. నేను తిట్టుకోసం ఎదురుచూస్తూ తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను.

“ఏమైనా తినిందా?” అన్నాడు.

“ఇంకా లేదప్పా.”

“ముందు దానికి పెట్టండి. ఈడ పాలు నేను పోస్తాను.”

ఫోను పక్కన పెట్టి మిగిలిన నేల కూడా తుడిచాను. కిటికీ రెక్కలు బార్లా తెరిచాను. నా భార్య పెరుగన్నం కలిపి తెచ్చి నీళ్ళ పక్కన పెట్టింది. మేమిద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. నేల తడి ఆరేదాకా అది మావైపు తిరగలేదు.